ఆరుద్ర మసకబారిన చలికాలం

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో నీళ్ళ ట్యాంకరు గురించి, పార్కింగులో అడ్డంగా పెట్టిన బండి గురించి తప్ప మరో గొడవ ఉండదు. ఇవాళ మాత్రం ఏకంగా ఆకాశం మీద పడ్డారు. ఎక్కడో ఒక ఎర్ర చుక్క వచ్చే వారం పేలబోతోందట. ఆ వారమంతా గర్భిణులు గడప దాటొద్దట, వండిన అన్నం మీద గరిక వేసి పెట్టుకోవాలట, ఈ సంగతి ఇంకో పదిమందికి పంపకపోతే ఆపైన మన ఖర్మట. సాయంత్రం పాలప్యాకెట్టు కోసం కిందికి దిగానో లేదో మా సెక్రటరీ పట్టుకున్నాడు. "మేడం, మీరు ఫిజిక్స్ చెప్పినోళ్ళు గదా. జర గ్రూపుల ఓ మాట రాయున్రి. మా ఇంట్లామె పొద్దటిసంది ఒకటే ఫికర్ జేస్తాంది" అన్నాడు. ఉద్యోగమంతా ఇంటర్ పిల్లలతో వేగి వచ్చినదాన్ని, రిటైరయ్యాక వాళ్ళ తల్లిదండ్రులతో వేగాలని రాసి ఉన్నట్టుంది. ఏం రాయను? ఆ చుక్క పేలుతుందన్నది అబద్ధం కాదు. వచ్చే వారం అన్నదొక్కటే అబద్ధం. రేపు పేలినా పేలవచ్చు, లక్ష యేళ్ళు ఆగినా ఆగవచ్చు. అదే రాశాను. ఉన్న భయం కాస్తా రెట్టింపయింది.

పాలు ఫ్రిజ్‌లో పడేసి, జంపఖానా చంకన పెట్టుకుని డాబా మీదికి వెళ్ళాను. వరంగల్‌లో మా సుబేదారి వైపు ఇన్ని లైట్ల మధ్య చుక్కలు కనబడడమే గగనమైపోయింది గానీ, ఆ ఒక్కటి మాత్రం తూర్పున నీళ్ళ ట్యాంకు పక్కన ఎర్రగా నిలబడి ఉంది. వరసగా ఉండే మూడు చుక్కల గొల్ల కావడికి కాస్త పక్కగా, నిప్పుకణికలా. ఇంగ్లీషు పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేరొకటి ఉంది, బెటల్‌గీజ్ అని. మనకు అది ఆరుద్ర. ఆ పేరుతో మనకొక కార్తె కూడా ఉంది. తొలి వానలకు చేలల్లో మఖమలు గుడ్డ ముక్కల్లా పాకే ఎర్ర పురుగులకూ అదే పేరు. ఆ సంగతి నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు, మా మామ. ఆయన తల్లివైపు వాళ్ళు వ్యవసాయదారులు. చిన్నప్పుడు ఆ పురుగుల్ని అగ్గిపెట్టెలో దాచుకుని బడికి పోయేవాడట. జంపఖానా పరచుకుని కూర్చున్నాక అరచేయి దాని మీదే ఆడుతూ ఉండిపోయింది. ఆరుద్ర మసకబారిన ఆ చలికాలం, వద్దనుకున్నా, మళ్ళీ వచ్చి పక్కన కూర్చుంది.

మామ అంటే మా మేనత్త భర్త. మా నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు మా అత్త. వాళ్ళకు పిల్లలు లేరు, నేను పెళ్ళి చేసుకోలేదు. కాబట్టి మా ముగ్గురికీ లెక్క సరిపోయింది. ఆదివారం వచ్చిందంటే కొత్తవాడలో వాళ్ళింట్లోనే నా భోజనం. ఇల్లంటే ముందుగదిలో సగానికి పైగా మగ్గమే. జంపఖానా వెడల్పు పెద్దది కాబట్టి ఒక్కరితో అయ్యే పని కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఎవరి సగం వాళ్ళు నేయాలి. నిలువుగా బిగించిన పడుగు దారాల మధ్య అడ్డంగా పేక దారం వేయడం, పంజాతో కొట్టడం. పంజా అంటే ఇనుప పళ్ళున్న దువ్వెన లాంటిది, చేతిలో పట్టుకుని దారాన్ని గట్టిగా కిందికి దిగ్గొడతారు. ఎంత గట్టిగా కొడితే నేత అంత చిక్కన. మామ దెబ్బ బరువు, అత్త దెబ్బ చురుకు. గల్లీ మొదట్లో నిలబడి కళ్ళు మూసుకున్నా ఎవరిది ఏ దెబ్బో నేను చెప్పగలిగేదాన్ని. అత్త కోపంగా ఉన్న రోజు ఆమె దెబ్బే మామ దెబ్బను మింగేసేది. ఆ రోజు నేను కూర బాగుందో లేదో చెప్పకుండా తినేసి వచ్చేదాన్ని.

మామ మొదటి నుంచీ బక్క మనిషి. పత్తి దుమ్ములో బతికిన వాళ్ళందరికీ ఉండే దగ్గు ఆయనకూ ఉండేది. అది ముదిరి ఆయాసంలోకి దిగాక పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరు మంచిగానే చూసి, పీల్చే మందు రాసి, మగ్గం దగ్గర కూర్చోవడం మానేయమన్నాడు. మామ ఆ మందు కొన్నాళ్ళు పీల్చాడు. మగ్గం మానేయమన్న మాట మాత్రం ఆ గేటు దగ్గరే వదిలేసి వచ్చాడు. తర్వాత వాళ్ళ గల్లీలోకి కొత్తగా ఒక ఆర్ఎంపీ డాక్టరు దిగాడు. ఒకటే గది, ఒక బల్ల, గోడకు దేవుడి పటం. ఆయన మగ్గం మానేయమనలేదు. "నువ్వు నేసుకో కాకా, ఆయాసం సంగతి నేను చూసుకుంటా" అన్నాడట. పట్టీలోంచి విప్పేసి, పేరూ ఊరూ లేకుండా కాగితం పొట్లంలో కట్టిన చిన్న తెల్ల గోళీలు ఇచ్చేవాడు. మామకు వారంలో ఆయాసం తగ్గింది, నెలలో ఆకలి పెరిగింది. దసరా నాటికి ఆ బక్క మనిషి ఒళ్ళు చేశాడు. ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా తిరిగింది, బుగ్గలు ఎర్రబడ్డాయి, పొట్ట ముందుకొచ్చింది.

ఇక చూడాలి వాడకట్టు సంబరం! నేతపని వాళ్ళ ఇళ్ళల్లో ఒంటిమీద కండ కనబడితే అది పండగ కిందే లెక్క. "మస్తు రంగొచ్చినవ్ కాకా", "ఏం తింటానవే, మాకూ జెప్పు" అంటూ దారినపోయే ప్రతివాడూ ఓ మాట వేసి పోయేవాడు. అత్త పొంగిపోయేది. దిష్టి తగులుతుందని మంగళవారం మంగళవారం ఉప్పు, ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. ఆ ఘాటుకు మామ దగ్గితే, చూశావా ఎంత దిష్టి ఉందో అనేది. నాకు మాత్రం ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూ ఉండేది. ముఖం అంతగా నిండింది గానీ కాళ్ళూ చేతులూ ఇంకా సన్నబడ్డాయి. చేతి మీద గోరు గీరుకున్నా నల్లగా మచ్చ పడేది. ఇంకొకటి కూడా గమనించాను గానీ దాని అర్థం అప్పుడు తెలియలేదు. గల్లీ మొదట్లో నిలబడితే వాళ్ళ రెండు దెబ్బలూ ఒకేలా వినబడసాగాయి. లోపలికి వెళ్ళి, "ఈ వయసుల మంచిగ జత గలిసిండ్రే ఇద్దరు" అని వెక్కిరించాను. మామ నవ్వాడు. అత్త దారం తెగిందని తల వంచుకుంది.

ఆ డిసెంబరులోనే ఆరుద్ర మసకబారడం మొదలైంది. పేపర్లలో వచ్చింది, టీవీల్లో అరిచారు. ఆకాశంలో అంత వెలుగున్న చుక్క, కంటికి తెలిసేంతగా తగ్గిపోతోంది. పేలిపోయే ముందు ఇలాగే అవుతుందేమోనని కొందరు అనుమానించారు. జనవరిలో ఒక ఆదివారం పొద్దుగూకగానే మామ నన్ను, అత్తను డాబా మీదికి లాక్కుపోయాడు. మెట్లెక్కేసరికి రొప్పుతున్నాడు గానీ ఉత్సాహం తగ్గలేదు. నేను చూపించకముందే తనే వేలు పెట్టి చూపించాడు.

"అగో, అది నా ఆరుద్ర. చిన్నప్పటిసంది చూస్తాన, గిట్ల ఎన్నడు మాడిపోలే. ఏందే సైన్సమ్మా, ముసలిదైందా?"

"ముసలిది కాదు మామా. మన సూర్యుని ముంగట పసిపిల్ల. కాని బరువెక్కువ. బరువున్న చుక్కలే తొందరగ పోతయి. కట్టెలు శానా ఉంటయి, కాని మంట గంతకంత ఎక్కువ" అన్నాను.

"మరి గంత బరువు దానిమీదనే పడంగ, కూలిపోకుంట ఎట్ల నిలవడ్డది?"

ఇంటర్ పిల్లలు ఒక్కరైనా అడగని ప్రశ్న అది. లోపల మంట బయటికి నెడుతూ ఉంటుందనీ, బరువు లోపలికి తోస్తూ ఉంటుందనీ, రెండూ సరిసమానంగా ఉన్నంత కాలం చుక్క అలా నిలబడుతుందనీ చెప్పాను. మామ వెంటనే అందుకున్నాడు. "పడుగు లెక్కన్నట్టు. అటు గుంజాలె, ఇటు గుంజాలె. ఒక దిక్కు ఇడిస్తే కుప్ప." తర్వాత ఆ మంట ఎలా మారుతుందో చెప్పాను. మొదట హైడ్రోజన్ మండి హీలియం అవుతుంది. అది మండి కార్బన్ అవుతుంది. ఆ తర్వాత ఆక్సిజన్, ఆ తర్వాత సిలికాన్. ఒక పొయ్యిలో మిగిలిన బూడిదే తర్వాతి పొయ్యికి కట్టెలు. మొదటి పొయ్యి లక్షల యేళ్ళు మండుతుంది, తర్వాతివి ఒకదాన్ని మించి ఒకటి తొందరగా అయిపోతాయి, చివరి పొయ్యి కొన్ని రోజులు కూడా ఆగదు. దాని బూడిద ఇనుము.

"ఇనుము కాడికొచ్చినంక?" అంది అత్త. అంతసేపూ మెట్ల దగ్గర బల్బు కింద బియ్యంలో రాళ్ళు ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టింది.

"ఇనుము మండదు అత్తా. మండబెట్టబోతే ఉన్న వేడిని అదే తింటది. ఇగ బయటికి నెట్టేటిదే ఉండదు. లోపలి గుండె రెప్పపాటుల కూలి, మన వరంగల్ ఊరంత ముద్దయితది. మీదున్నదంత దానిమీద పడి, అక్కడ ఎగిరి, పేలి, చెల్లాచెదరైతది. పట్టపగలు కూడ కనవడేటంత వెలుగొస్తది. దాన్నే సూపర్‌నోవా అంటరు."

"లోపల కూలిన సంగతి మీదున్నదానికి ఎరుకైతదా?" అన్నాడు మామ.

"వెంటనే కాదు. పూటో, దినమో పడ్తది. అప్పటిదాంక గట్లనే మెరుసుకుంట ఉంటది."

అప్పుడు అత్త, అది మరి ఎర్రగా ఎందుకుందని అడిగింది. చుక్కకు చివరికాలం దగ్గరపడ్డప్పుడు లోపల ఎంత కుంచించుకుపోతే పైన అంత ఉబ్బి ఎర్రబడుతుందని చెప్పబోయాను. సగం వాక్యంలో మామ ఇటు తిరిగాడు, బల్బు వెలుతురు ఆయన ముఖం మీద పడింది. గుండ్రటి ముఖం, ఎర్రటి బుగ్గలు, వాటికింద రొప్పుతున్న సన్నటి మెడ. మిగతా వాక్యం వదిలేసి, చలి ఎక్కువైందని ఇద్దర్నీ కిందికి దింపాను.

మర్నాడే మా కాలేజీ బోటనీ మేడం కూతురికి ఫోన్ చేశాను, ఆ అమ్మాయి డాక్టరు. చెప్పిందంతా విని, అవి స్టెరాయిడ్ గోళీలే అయి ఉంటాయని అంది. "ఆంటీ, వెంటనే తీసుకురండి. కానీ ఒక్కటి గట్టిగా చెప్పండి. తనంతట తను టక్కున మానేయొద్దు. ఇన్నాళ్ళు బయటి నుంచి మందు అందితే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుంది. మందు ఒక్కసారిగా ఆపితే మనిషి కుప్పకూలతాడు. కొంచెం కొంచెంగా తగ్గించాలి" అంది. అదే మాట, ఒక్క ముక్క పోకుండా, ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. అత్త ముఖం మాడింది. "ఊరంత మంచిగైండు అంటాంటె నువ్వు గిట్లంటవేందే" అంది. మామ మాత్రం నా తల నిమిరాడు. "వస్త బిడ్డా. జాతర అయినంక పోదాం" అన్నాడు.

మేడారం జాతర ఫిబ్రవరిలో. మామ ఆయాసం తగ్గితే సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తానని అత్త మొక్కుకుంది. బంగారమంటే తెలియని వాళ్ళు బెదిరిపోకండి, బెల్లం. మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి, ఎంత తూగితే అంత బెల్లం తల్లికి ఇస్తారు. వరంగల్‌లో బెల్లం దుకాణం ముందు పెద్ద తక్కెడ కట్టి ఉంది. ఒక పక్క మామ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండో పక్క ముద్ద మీద ముద్ద వేస్తున్నారు. క్రితం జాతరకు ఎంత పట్టిందో అత్తకు గుర్తుంది. అంత వేశారు, మామ పళ్ళెం నేల వదల్లేదు. ఇంకో ముద్ద వేశారు, ఇంకోటి. వేసినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు, చప్పట్లు. "తల్లి సల్లగ జూసింది కాకా!" అని ఎవరో అరిచారు. మామ పెళ్ళికొడుకులా సిగ్గుపడుతున్నాడు. బరువున్న చుక్కలే తొందరగా పోతాయని డాబా మీద నేనన్న మాట ఆ చప్పట్ల మధ్య నా చెవిలో హోరెత్తింది. తక్కెడలో ఉన్నది కండ కాదురా నాయనా, నీరు, మందు అని అరవాలనిపించింది. కళ్ళ నిండా నీళ్ళతో దండం పెట్టుకుంటున్న అత్తను చూసి నేనూ చేతులు జోడించాను.

జాతర అయ్యింది. పెళ్ళిళ్ళ ఆర్డరు ఉందన్నాడు. అది కూడా అయ్యింది. ఉగాది పోనీ అన్నాడు. నేను అరిచాను, అలిగాను, ఒక ఆదివారం అన్నం తినకుండా వచ్చేశాను. అంతలో ఆరుద్ర మళ్ళీ వెలగడం మొదలుపెట్టింది. ఆ చుక్క తనలోంచే ఇంత మసి కక్కుకుందనీ, ఆ దుమ్మే దాని ముఖానికి అడ్డం పడిందనీ కొందరన్నారు. మామకు ఫోన్ చేసి చెప్తే ఒకటే నవ్వు. "చూసినవా? దానిది గూడ నా లెక్కనే దుమ్ము రోగం. దగ్గి ఊంచింది, మంచిగైంది. నువ్వు ఉత్తగ పరేషాన్ జేస్తివి" అన్నాడు. ఆ దుమ్ము వీడింది గానీ లోపలి పొయ్యి ఆగలేదని చెప్పాను. అప్పటికే ఆయన ఫోన్ అత్త చేతికి ఇచ్చేశాడు.

ఉగాది నాటికి లాక్‌డౌన్ వచ్చింది. రోడ్లన్నీ బంద్. గల్లీలో ఆర్ఎంపీ షట్టర్ దించి, అంతకు ముందు రోజే తన ఊరికి వెళ్ళిపోయాడు. పొట్లంలో గోళీలు అయిపోయాయి. ఈ సంగతి మామ ఎవరికీ చెప్పలేదు. అందరూ భయపడి ఉన్న సమయంలో తన గోళీల గొడవెందుకు అనుకున్నాడో, ఎలాగూ మానెయ్యాల్సిందే కదా అనుకున్నాడో. రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాను, రోజూ "ఏం ఫికర్ లేదు, మంచిగున్న" అంటూనే ఉన్నాడు. ఆ గొంతులోనూ ఏ తేడా లేదు. ఒక మధ్యాహ్నం అత్త ఫోన్ చేసింది. "బిడ్డా, మీ మామ మగ్గం మీదనే ఒరిగిండు. పొద్దటిసంది వాంతులు. పిలిస్తె పలుకుతలేడు. పెయ్యంత సల్లగైంది" అంది. అంబులెన్సు దొరికింది, పోలీసులు దారి ఇచ్చారు. దవాఖాన తలుపు దగ్గరే డాక్టరుకు స్టెరాయిడ్లు, టక్కున ఆగాయి అని చెప్పాను. వాళ్ళు క్షణం ఆలస్యం చేయలేదు. ఇంజెక్షను ఇచ్చారు, సెలైన్ పెట్టారు, ఆక్సిజన్ పెట్టారు. ఆ రాత్రి కళ్ళు తెరిచి అత్తను గుర్తుపట్టాడు కూడా. తెల్లారేసరికి పోయాడు. గుండె అప్పటికే అలసిపోయి ఉందన్నారు.

మస్తు రంగొచ్చినవ్ అన్నవాళ్ళెవరూ చివరి చూపుకు రాలేకపోయారు. తలుపుల సందుల్లోంచి చూశారు. పదిమంది కూడా లేని ఆ పాడె వెనక నడుస్తుంటే నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువగా వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

నెలల తర్వాత, అత్తను నా దగ్గరికి తెచ్చుకునే రోజు, మగ్గం విప్పదీస్తుంటే అడిగాను, చివర్లో మీ ఇద్దరి దెబ్బలూ ఒక్కలాగే ఎందుకు వినబడేవని. అత్త పంజాను ఒళ్ళో పెట్టుకుని దాని పళ్ళ మధ్య ఇరుక్కున్న దారప్పోగులు లాగింది.

"ఆయన చేతుల బలం పోయింది బిడ్డా. ఆయన సగం పల్సగ, నా సగం సిక్కగ వస్తాండె. నూలిచ్చే సేటు జూస్తె ఇగ నీతోని గాదు ముసలోడా, లెవ్వు అంటడు. లేస్తె మీ మామ బతుకుతడా? గందుకే నా దెబ్బ గూడ తగ్గించిన. రెండు దిక్కుల ఒక్కతీరుగ వచ్చేటట్టు."

"ఎప్పటిసంది అత్తా?"

"నీకు దసరాకు పెట్టిన జంపఖానా ఉన్నది జూడు. గా దానిసంది."

అదే ఇప్పుడు నా కింద ఉన్నది. వెలుతురుకు పట్టి చూస్తే నేత సందుల్లోంచి వీధి దీపం కనబడుతుంది. అంచు నుంచి అంచు దాకా ఒకే రకం పలుచన, ఏ సగం ఎవరిదో ఎవరూ చెప్పలేరు. ఊరంతా ఆయన ముఖం చూసి చప్పట్లు కొట్టకముందే, ఆరుద్ర మసకబారకముందే, అత్తకు తెలుసు. తెలిసి, రోజూ ఆయన పక్కనే కూర్చుని, తన చేతిని ఆపుకుంటూ నేసింది.

నేను ఇంకా కిందికి రాలేదని అత్తే మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని జంపఖానా అంచున కూర్చుంది, తనకు అలవాటైన వైపే, రెండో పక్క ఖాళీ వదిలి. "మీ గ్రూపోళ్ళు పేలుతది అంటాండ్రట. ఇంక ఉన్నదా అది?" అంది.

"కనవడ్తాంది గదా అత్తా."

"కనవడుడు ఏరు, ఉండుడు ఏరు అని నువ్వే జెప్పినవ్ గాదే."

చెప్పాను, నిజమే. ఆ వెలుగు అక్కడ బయలుదేరి ఆరేడు వందల యేళ్ళయి ఉంటుంది, మా వరంగల్ ఖిలాలో తోరణాల వెనక ఇంకా రాజ్యం ఉన్ననాడో, కూలిననాడో. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అత్త చీకట్లోనే అరచేతితో తన పక్కనున్న నేతను తడుముతూ ఆ ఎర్ర చుక్కకేసి చూస్తోంది. ఆమెను చూస్తుంటే అనిపించింది, కాలం మన దగ్గర ఏదీ దాచదు, కబురు పంపడంలోనే ఆలస్యం చేస్తుంది, మనకు అందేది ఎప్పుడూ "మంచిగున్న" అన్న నిన్నటి మాటే.